చింతపిక్క తెల్లవైపు

పడవ వెళ్లిన 3వ రోజు

లేని గీత కంటికి కనబడుతుందా? ఇరవై మూడేళ్లుగా ఈ ప్రశ్న నాతోపాటే తిరుగుతోంది. ఒడ్డు మీది విశ్వవిద్యాలయం ఇంకా నీటికి పైనే ఉన్న రోజుల్లో, ప్రాక్టికల్ క్లాసులో మా మాష్టారు ఒక తెల్లకాగితం ఎత్తి పట్టుకున్నారు. దీని మీద చాలా లేత గులాబి గీత ఒకటుంది, కనబడినవాళ్లు చెయ్యెత్తండి అన్నారు. సగం మంది ఎత్తారు. నేను ఎత్తడమే కాదు, లేచి వెళ్లి అదెక్కడుందో వేలితో చూపించాను. కాగితం ఖాళీది. క్లాసంతా నవ్వింది. మాష్టారు మాత్రం నవ్వలేదు. మీ కళ్లు మంచివేనమ్మా, వాటికి ఏం కనబడాలో మీరే ముందు చెప్పేస్తున్నారు అన్నారు.

ఆ కళ్లతోనే పదకొండేళ్లుగా సముద్రం మీద తేలే మా తెప్ప ఊళ్లో రక్తం పలకలు చదువుతున్నాను.

ఇది చదువరి పుస్తకం. పలకలు చదివే ఇద్దరూ ఎవరిది వాళ్లు రాయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు, తర్వాతి పడవలో ఒడ్డుకు పంపాలి. ఎన్ని పలకలు వాడాం, ఎన్ని చెడ్డాయి, ఎక్కడ మాట కలవలేదు, ఎందుకు. రూలు ప్రకారం అంతే. నేను అంతకంటే ఎక్కువే రాస్తాను. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు. ఎవరూ చదవరేమో కూడా.

పొద్దున్నే మంచినీళ్ల యంత్రంలో పేరుకున్న ఉప్పు గీకి, వైద్యశాల కప్పు మీద ఆరబెట్టిన నాచు తాళ్లు పక్కకు జరిపించాక మూణ్ణెల్ల పరీక్షలు మొదలుపెట్టాం. తెప్ప మీద నాలుగు వందల పన్నెండు మందిమి. రక్తం దాచిపెట్టుకునే పెట్టె మాకు లేదు, దాన్ని చల్లగా ఉంచేంత కరెంటూ లేదు. ఎవరికి రక్తం కావలసి వచ్చినా పక్కవాళ్ల ఒంట్లోంచి అప్పటికప్పుడు తియ్యవలసిందే. అందుకే పెద్దవాళ్లందరికీ మూణ్ణెల్లకోసారి, ఇచ్చే రోజున మళ్లీ ఒకసారి, హెచ్‌ఐవీ పరీక్ష. వేలెడంత పలక, దాని గుంటలో ఒక రక్తపు చుక్క, పైన రెండు చుక్కల మందునీళ్లు. పదిహేను నిమిషాలకు చదవాలి. ఇరవై దాటితే ఇక దాన్ని చూడకూడదు. పైన వచ్చేది కాపలా గీత, అది రాకపోతే పలకే చెడిందని. కింద వచ్చేది కబురు గీత. ఎంత లేతగా ఉన్నా గీత గీతే. కబురు గీత వచ్చిందంటే అక్కడితో తేలినట్టు కాదు, రెండో రకం పలకతో, ఆ తర్వాత మూడో రకంతో చూసి గానీ పేరు రాయం.

మా తెప్ప మీద రెండు గీతలవాళ్లు తొమ్మిది మంది. రోజుకో మాత్ర వేసుకుంటారు, అందరిలాగే తాళ్లు లాగుతారు, పోట్లాడతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. రక్తం ఇచ్చేవాళ్ల పట్టీలో వాళ్ల పేర్లుండవు, అంతకు మించి తేడా లేదు.

చదివే పద్ధతి మాదే, ఒడ్డున లేదు. నోటితో చెబితే రెండోవాళ్లు మొదటివాళ్ల మొహం చూసి మాట మార్చుకుంటున్నారని మా డాక్టరు రుక్మాంగద గారు పెట్టారు. ఇద్దరి దగ్గరా చెరో సగం చింతపిక్క ఉంటుంది. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. ఒకే గీత కనబడితే తెల్లవైపు పైకి, రెండైతే నల్లవైపు పైకి, అరచేతిలో పెట్టుకుని పిడికిలి మూస్తాం. మూడు లెక్కపెట్టి ఇద్దరం ఒకేసారి విప్పుతాం. పిడికిలి మూశాక పిక్క కదపకూడదు.

వేలు పొడిచే కుర్చీలు రెండు. ఒకటి నాది, ఒకటి రెండో చదువరి గ్లోరీది. ఈ రోజు గ్లోరీ కుర్చీ ముందు వరస గుమ్మం దాటి, మెట్లు దిగి, పీతల బుట్టల దాకా పోయింది. నా ముందు నలుగురు. వాళ్లూ పనికి ఆలస్యమైపోతున్నవాళ్లే. ఐదో మనిషిగా ముసలి గురమ్మ వచ్చింది, మోకాళ్ల నొప్పి వల్ల. చెయ్యి చాపి, నా మీద దయతో నిజం చెప్పింది.

“నీ సెయ్యి దూదేనమ్మా, నొప్పే తెలీదు. గానీ నీకాడ కూకుంటే పరీచ్చ రాస్తన్నట్టుంటాది. గ్లోరమ్మ కాడైతే కబుర్లాడతా ఉండగానే అయిపోద్ది.”

నవ్వాననే అనుకుంటాను.

మొత్తం అరవై ఎనిమిది పలకలు. చెడినవి మూడు. మాట కలవనివి లేవు.

9వ రోజు

డాక్టరు గారి కళ్లజోడు తుడిచిపెట్టే పని నాది. ఉప్పుగాలికి పొద్దుటికల్లా అద్దాల మీద పొర కడుతుంది. ఆయనకు డెబ్బై ఒకటి, రెండు కళ్లలోనూ శుక్లాలు. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే మంచినీళ్లలో గుడ్డ తడిపి నేనే తుడుస్తున్నాను. ఈ రోజు వెళ్లేసరికి తుడిచి ఉంది. మడతపెట్టిన పాత చీర ముక్క మీద బోర్లించి ఉంది. నేనెప్పుడూ బోర్లించను, గీతలు పడతాయి.

గ్లోరీ ఆయన పక్కన కూర్చుని రోగుల చీటీలు చదువుతోంది. చదువుతోంది అనడం కూడా సరికాదు. ఫలానా ఆయన మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఆగలేదన్నట్టు చెప్పు సర్దుకున్నాడని చెబుతోంది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. నన్ను చూసి, లోపలికి రండి అనకుండా, ఆమె మాట పూర్తయ్యేదాకా చెయ్యెత్తి ఆపారు. తర్వాత ఎంతో సంతోషంగా అన్నారు, మీరు చదివితే నాకు లెక్క తెలుస్తుంది ఇందుమతి గారూ, ఈమె చదివితే మనిషి తెలుస్తున్నాడు అని.

ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. అదే ఎక్కువ నొప్పి.

గ్లోరీ వచ్చి రెండేళ్లు కాలేదు. భీమిలి వైపు ఒడ్డు మునిగాక పడవలో వచ్చిన నర్సు. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఎవరి మేకకు ఏం పేరో తెలుసు. నన్ను మొదటి రోజే అక్కా అంది, నేనేమనాలో అడక్కుండానే.

18వ రోజు

రాయవలసిన సంగతి ఇది. పోయిన పడవలో రెండో రకం పలకలు పదే వచ్చాయి, మూడో రకం అసలు రాలేదు. ఆ పదింటిలోనూ నాలుగు సంచుల్లోకి చెమ్మ దిగింది, కాపలా గీతే రావడం లేదు. వేరే అనుమానాలకు ఐదు పోయాయి. మిగిలింది ఒక్కటి. పడవ మళ్లీ వచ్చేది నలభయ్యో రోజుకు.

డాక్టరు గారు మమ్మల్నిద్దర్నీ పిలిచి, ఆ ఒక్కటీ ప్రాణం మీదకు వచ్చిన రోజుకు అట్టేపెట్టమన్నారు. గురమ్మ కోడలు నూకరత్నానికి నెలలు నిండుతున్నాయి. ఆమెది ఓ నెగటివ్ రక్తం. తెప్ప మీద ఆ రక్తం ఇవ్వగలిగినవాళ్లు మరో ఇద్దరే. ఒకడు దూరాన వెలుపలి నాచు తాళ్ల మీద పనిచేసే బంగారయ్య, ఇక్కడికి రావాలంటే రెండు రోజులు. రెండో మనిషి గ్లోరీ.

అది విన్నప్పుడు నాకు కలిగిన ఆలోచన రాస్తున్నాను, ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు కాబట్టి. రక్తంలో కూడా ఈమేనా అనుకున్నాను.

27వ రోజు

మాట కలవనిది: ఒకటి.

పరీక్ష నూకరత్నం భర్త దానయ్యది. పదిహేనో నిమిషానికి ఇద్దరం చూశాం. పిడికిళ్లు విప్పితే గ్లోరీది తెలుపు, నాది నలుపు.

నాకు గీత కనబడింది. పలకను కిటికీ వైపు వాలిస్తే కాపలా గీత కింద, వెంట్రుక నీడంత. గ్లోరీ మరోసారి వంగి చూసి తనకేమీ కనబడలేదంది. మొదటి రకం పలకతోనే మళ్లీ ఒకసారి చూద్దామా అక్కా, ఆ ఒక్కటీ అలా ఉంచుకుందాం అని నెమ్మదిగా అడిగింది. అడిగిన పద్ధతిలో తప్పులేదు. తప్పులేకపోవడమే నాకు మింగుడుపడలేదు. ఆ పొద్దున్న కూడా కళ్లజోడు తుడిచి, బోర్లించి ఉంది. మాట కలవనప్పుడు రెండో రకం అని రూల్లో ఉంది, రూలు ఒకరికోసం మారదు అన్నాను. డాక్టరు గారు నిద్రపోతున్నారు. లేపలేదు.

సంచి చింపాను.

ఆ పదిహేను నిమిషాలూ దానయ్య చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. గ్లోరీ వెళ్లి అతని పక్కన నేల మీద కూర్చుని, పుట్టబోయే బిడ్డకు ఏ పేరనుకుంటున్నారని అడిగింది. కబురు గీత వచ్చినా మాత్ర ఉంది, మీ బాబాయికి పదేళ్లుగా లేదూ అంది. ఆ మాట అనవలసినదాన్ని నేను. నాకు తట్టనే లేదు.

రెండో రకం పలకలో ఒకటే గీత.

దానయ్య లేచి నాకు కూడా దండం పెట్టి వెళ్లాడు. గ్లోరీ ఖాళీ సంచి మడిచి చెత్తబుట్టలో వేసింది. ఏదైనా అని ఉంటే బావుండేది.

31వ రోజు

మధ్యాహ్నం భోజనాల వేళ నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగానే ఏడ్చింది. మాయ పడ్డాక రక్తం ఆగలేదు. డాక్టరు గారు చేతులతో కడుపు అదిమిపట్టి, మందు ఎక్కించమన్నారు. ఎక్కించాం. పావుగంటలో కింద రెండు బొంతలు తడిసిపోయాయి. నూకరత్నం దాహం, దాహం అని, తర్వాత అనడం మానేసింది.

గ్లోరీ అప్పటికే పక్క మంచం మీద పడుకుని చెయ్యి చాపింది. పలకలో చుక్క వేసి, పలక తేలేలోగా రక్తం సంచిలోకి తీస్తూ ఉండటం మా పద్ధతి. సూది నేనే గుచ్చాను. సంచి నిండుతోంది. పలక బల్ల మీద ఉంది. గ్లోరీ తనది తాను చదవకూడదు కాబట్టి, చదవవలసింది నేనూ డాక్టరు గారూ. ఆయన ఒక చెయ్యి నూకరత్నం కడుపు మీద నుంచి తియ్యకుండానే, గురమ్మ చేత భూతద్దం పట్టించి చూశారు.

పదిహేను నిమిషాలు. కాపలా గీత ఎర్రగా ఉంది. నేను పలకను కిటికీ వైపు వాల్చాను.

కింద గీత ఉంది. లేతగా ఉంది.

చింతపిక్క నల్లవైపు పైకి పెట్టి పిడికిలి మూశాను. రెండో రకం పలక లేదు. నాలుగు రోజుల కింద నేనే చింపాను. ఇప్పుడు నేను నలుపు చూపిస్తే సంచి పారబోయాలి, బంగారయ్య వచ్చేది రెండు రోజులకు. నూకరత్నం పెదాలు నాచు ఎండిన రంగులో ఉన్నాయి. గురమ్మ నా మొహం తప్ప ఇంకేమీ చూడటం లేదు.

“సెప్పెయ్యమ్మా. ఏదైతే అది సెప్పెయ్యి.”

డాక్టరు గారు గ్లోరీ పిక్కను ఖాళీ చేతిలో మూసి, ఒకటి అన్నారు. రెండు అన్నారు. నేను మొన్న దానయ్య పలకలో చూసిన గీతను తలచుకున్నాను. మాష్టారి తెల్లకాగితాన్ని తలచుకున్నాను. నేను చూస్తున్నది గ్లోరీ రక్తం కాబట్టి కనబడుతోందా అనుకున్నాను. మూడు అనేలోపల నా బొటనవేలు పిడికిట్లోకి వెళ్లి పిక్కను తిప్పింది.

విప్పాం. రెండూ తెలుపే.

సంచి వేలాడదీశాం. సాయంత్రానికి నూకరత్నం కళ్లు తెరిచి, పాపకు వేళ్లు సరిగ్గా ఉన్నాయా అని అడిగింది.

మాట కలవనివి లేవు అని రాయాలి. రాస్తున్నాను.

32వ రోజు

పరీక్షలు లేవు. యంత్రం ఉప్పు గీకాను. రెండుసార్లు.

అనుమానపు రక్తం ఎక్కితే మూడు రోజుల్లోపు మాత్రలు మొదలుపెడితే కాపాడే అవకాశం ఉంటుంది. ఎంత ముందైతే అంత మంచిది. ఆ మాత్రలు మన అలమరలోనే ఉన్నాయి, తొమ్మిది మందికీ నేనే లెక్కపెట్టి ఇస్తాను. నేను చెయ్యవలసింది ఒక్క మాట చెప్పడం. చెబితే, వేలు తిప్పానని చెప్పాలి. లేకపోతే గ్లోరీ రక్తం మీద నాకు అనుమానం ఉందని మాత్రమే చెప్పాలి. దానయ్య సంగతి తర్వాత ఆ మాట నా నోట వింటే తెప్ప మీద ఒక్కరు కూడా అది పలక గురించి అనుకోరు, గ్లోరీ మీద కుళ్లనే అనుకుంటారు.

ఒకవేళ వాళ్లు అనుకునేదే నిజమైతే?

33వ రోజు

పొద్దున్న గురమ్మ పాపకు నూనె రాస్తోంది. పాపకు నా పేరు పెడదామా అని కోడలు అడిగిందని చెప్పింది. నీ సేతి మీదే కదమ్మా అది బతికింది అంది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

గ్లోరీ కప్పు మీద నాచు తాళ్లు తిరగేస్తోంది. ఎండ నెత్తి మీద ఉంది. వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పాను. నలుపు పెట్టాను, వేలితో తిప్పాను, నూకరత్నానికి మాత్రలు మొదలుపెట్టాలి, ఇంకా వ్యవధి ఉంది అన్నాను. ఇన్ని మాటలు వరసగా ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె తాడు కిందపెట్టలేదు.

“మొదలుపెట్టేశానక్కా. ఆ రోజు సాయంత్రమే.”

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

“నేను పడుకున్న మంచం నుంచి మీ చెయ్యే కనబడుతుంది. పిడికిట్లో బొటనవేలు కదిలింది. రెండో రకం పలక లేదు కాబట్టి జాగ్రత్తకి మాత్రలు వేద్దామని డాక్టరు గారితో అన్నాను. ఆయన సరేనన్నారు. గురమ్మకి కూడా చెప్పాను, పరీక్ష సగమే అయింది, మిగతా సగం పడవలో వస్తుంది, అందాకా కాపలా మాత్ర అని. మీ పేరు ఎక్కడా రాలేదు.”

మరి అలాంటప్పుడు రక్తం ఎందుకు ఇవ్వనిచ్చావు అని అడిగాను. ఆపవలసింది కదా.

“ఆపితే ఆ పిల్ల అప్పుడే పోయేది. మాత్రలతో అయితే ఒక దారి ఉంది. నాకు తెలిసినంతలో నాకేమీ లేదక్కా. తెలిసినంతలో అంటే చాలదనే కదా మనం పలకలు పెట్టుకుంది.”

తర్వాత నవ్వుతూ అంది, అయినా నన్ను నమ్మి తిప్పారు, అంతే చాలు అని.

నేను నమ్మి తిప్పలేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను, ఆమె అప్పటికే రెండో తాడు దగ్గరకు వెళ్లిపోయింది. రెండు రోజులు నిద్రలేకుండా కూడగట్టుకున్న ఒప్పుకోలు అది. అక్కడ కూడా ఆమె నాకంటే రెండు రోజులు ముందుంది. సిగ్గుపడవలసిన చోట నాకు మళ్లీ అసూయే వచ్చింది. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం డాక్టరు గారికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత, భూతద్దంలోంచి నాకు పలక ఆకారమే కనబడింది ఇందుమతి గారూ, గీతలు కాదు, గీత ఉంటే మీరే నలుపు చూపిస్తారన్న నమ్మకంతో తెల్లవైపు పెట్టాను అన్నారు. గ్లోరీకి మొదటి రకం పలకతో మళ్లీ పరీక్ష చేశాం. నేనూ దానయ్యా చదివాం, దానయ్యకు అప్పటికప్పుడు నేర్పి. ఒకటే గీత. కానీ ఒకే రకం పలక రెండుసార్లు చెప్పినా ఒకసారి చెప్పినట్టే. మాత్రలు ఆపలేదు.

40వ రోజు

పడవ వచ్చింది. రెండో రకం, మూడో రకం పలకలు, చెమ్మ దిగని సంచుల్లో. పడవలో వచ్చిన నర్సు, నేను చదివాం. గ్లోరీ కుర్చీలో కూర్చుని, నన్ను చూడకుండా, ఆ నర్సును వాళ్ల ఊరి సంగతులు అడుగుతోంది. నా చేతిలో పిక్క చెమటకు జారింది.

రెండో రకంలో ఒకటే గీత. మూడో రకంలో ఒకటే గీత. విప్పిన నాలుగు పిడికిళ్లలోనూ తెలుపే. ఆ రోజు ఉన్నది నిజంగా గీతే అయితే ఈ తొమ్మిది రోజుల్లో ముదిరి ఉండేది. నూకరత్నానికి మాత్రలు ఆపాం. గురమ్మ ఆ కబురు విని, మరి ఇన్నాళ్లూ దాన్ని ఆ మాత్రలతో వికారపెట్టి సంపీసారు కదమ్మా అని మమ్మల్నిద్దర్నీ కలిపి తిట్టింది. గ్లోరీతో కలిపి తిట్లు తినడం ఇదే మొదలు. కొంచెం బావుంది.

పాపకు గ్లోరీ పేరు పెట్టారు. ఇందుమతి పలకడం కష్టమట.

ఈ పుస్తకం చించకుండా, ముప్ఫై ఒకటో రోజు రాసిన దాని కింద “అబద్ధం, ముప్ఫై మూడో రోజు చూడండి” అని రాసి సంచిలో వేశాను. ఒడ్డున ఎవరైనా చదివితే నా కుర్చీ పోతుంది. రెండు కుర్చీల్లోనూ ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. దానయ్య చెయ్యి బాగానే నేర్చుకుంటోంది. కళ్లజోడు ఈ రోజు నేను తుడిచాను, గ్లోరీ వెల్లకిలా పెట్టింది.

గీత లేదని ఇప్పుడు తెలుసు. నేను దాన్ని చూశానన్నదీ తెలుసు. వేలు తిప్పింది నూకరత్నం చావకూడదనా, గ్లోరీ ముందు రెండోసారి తప్పని తేలకూడదనా, అది మాత్రం నాకు తెలియదు. తొమ్మిది రోజులుగా ఆలోచిస్తున్నాను. తేలలేదు.